ఒకే అచ్చు

మా ఇద్దరిదీ ఒకే మొగం.
నేను రెండేండ్లు ముందు పుట్టినా
అది వాడిదేనంట, నాది కాదంట.
వెడల్పు దవడ, దట్టమైన కనుబొమ్మలు,
ముక్కు కొస రవంత బండ.
"అంతా నాయన కళే" అని
కుప్పమ్మత్త వాడి గడ్డం పట్టుకుని మురిసేది.
నా గడ్డం పట్టుకుని
"ఇదేందే తల్లీ, మగరాయుడి మొగం" అనేది.
ఒకే చెయ్యి. అదే పసుపు వాసన.

ఇప్పుడు కొర్లగుంట సందులో నాదొక దారం అంగడి.
పూలదారం కాదు, కనుబొమ్మల దారం.
ఒక కొస పంటితో పట్టి
రోజుకు ముప్పై మొగాలు సన్నం చేస్తా.
కాలేజీ పిల్లలు ఫోను చూపించి
"ఈ మాదిరి అక్కా" అంటారు.
వాళ్ళమ్మలు గోడ మీది క్యాలెండరు చూపించేవాళ్ళు.
వేలు చూపే చోటు మారింది, అంతే.

చెప్పుకోవాల్సింది ఇంకోటుంది.
నాకూ ఒక తూరి సంబంధమొచ్చింది,
రేణిగుంట నుంచి, దామోదరమని.
నున్నటి బుగ్గలు, మొలిచీ మొలవని మీసం,
కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.
నన్ను చూసి అతను వద్దనలేదు.
నేనే అన్నా: "ఆడంగి మొగమమ్మా, నాకొద్దు."
అత్త గొంతు నా గొంతులో
ఎప్పుడొచ్చి కాపురం పెట్టిందో
ఆ పొద్దు అడగాలని తోచలేదు.

మొన్న గంగజాతర.
చెంగల్రాయుడికి పసితనంలో జొరమొస్తే
ఆడవేషం కట్టిస్తానని అమ్మ మొక్కిందంట,
ముప్పై ఏడేండ్లకు తీరిక దొరికింది వాడికి.
తెల్లారకముందే నా అంగడి కుర్చీలో కూర్చున్నాడు.
మీసం తీయించుకోనుండాడు.
పైపెదవి పాలిపోయి, దాని మీద ఒక పుట్టుమచ్చ.
నాకూ అక్కడే.
కనుబొమ్మలకు దారం పెట్టబోయి
ఎందుకో చెయ్యి ఆగింది. అట్నే ఉండనీ అనుకున్నా.
మొగమంతా పసుపు, నుదుట రూపాయంత కుంకం,
కాటుక చెవుల దాకా.
నా నెమలికంఠం పట్టుచీర.
నా జాకెట్టు భుజాల కాడ వాడికి
ఒక్క కుట్టు విప్పకుండా సరిపొయ్యింది.

వాడు సందులో అడుగు పెట్టినాడో లేదో
ఆడోళ్ళంతా బుగ్గన వేలేసుకున్నారు.
"ఏం కళ! సాక్షాత్తూ అమ్మే!"
"కనుబొమ్మలు చూడండే, కత్తుల మాదిరి!"
"దవడంటే అట్టుండాల."
చూపు సగం పోయిన కుప్పమ్మత్త
తడుముకుంటా వచ్చి, వాడి గడ్డం పట్టుకుని,
కండ్లు తుడుచుకుని
నా పేరు పెట్టి పిలిచింది.
"మునిరత్నా, ఎంత బాగుండావే!"

"నేనత్తా, రాయుణ్ణి" అన్నాడు వాడు.
అత్త చెయ్యి అట్నే ఉండిపోయింది.
నేను వాకిట్లోనే నిలబడి ఉండా
అదే మొగంతో,
పసుపు లేకుండా, వేపమండ లేకుండా.

నవ్వొచ్చింది. నవ్వినా గూడా.
కోపం సాయంత్రానికొచ్చింది,
అత్త మీద గాదు,
ఆ రెండు చేతుల కాఫీ గ్లాసు జ్ఞాపకమొచ్చి.
గుడి దారంతా చీరలు కట్టిన మొగోళ్ళు,
నున్నటి బుగ్గలు,
ఆడోళ్ళం రెప్పెయ్యకుండా చూస్తాంటిమి.
ఏడాదికి ఈ వారం మా కండ్లకు సెలవు.
మళ్ళా డ్యూటీ.

చీర రాత్రికే తిరిగిచ్చినాడు.
అంచున పసుపు మరక. ఇంకా ఉతకలేదు.

ఈ పొద్దు పదో తరగతి పిల్లొకతి
అమ్మను తోడు తెచ్చుకునింది.
"బాగా సన్నంగా అక్కా, మొగపిల్లోడి మాదిరి ఉండానంట."
ఎవరన్నారమ్మీ అని అడిగినా.
పిల్ల అమ్మ వైపు చూసింది.
అమ్మ గోడ వైపు చూసింది.
నలభై రూపాయలు బల్ల మీద ఉండాయి,
దారం నా పండ్ల మధ్య ఉంది.
ఇంకా లాగలేదు.